సాహసాల ఆటకు ఏ తీరు బొమ్మలు?

పిల్లలూ! కథ వినటం ఒక సరదా. కథ చెప్పటం మరొక సరదా. ఈ రెండింటినీ మించిన సరదా ఇంకొకటి ఉన్నది. అది మనమే కథలో దూరి తిరగటం. కంప్యూటరు తెర మీద ఆడే సాహసాల ఆటలు ఇటువంటివే. అందులో ఒక నాయకుడో, నాయికో ఉంటారు. వారిని మనం నడిపిస్తాం. అడవుల్లోకి, పాడుపడిన కోటల్లోకి తీసుకుపోతాం. దొరికిన తాడూ, దీపమూ, తాళంచెవీ సంచీలో వేసుకుంటాం. ఎదురైన వాళ్ళను పలకరిస్తాం. చిక్కుముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ కథ చివరికి చేరుతాం.

ఇటువంటి ఆటలు ఆడటమే కాదు, ఇంట్లో కూర్చుని తయారుచేయటం కూడా ఇప్పుడు పిల్లలకు సాధ్యమే. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ వారు 2007లో స్క్రాచ్ అనే ప్రోగ్రామును పిల్లల కోసం విడుదల చేశారు. దానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. అందులో ఆజ్ఞలు రంగురంగుల అచ్చుల్లా ఉంటాయి. వాటిని ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే ఆట తయారవుతుంది.

కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆట తయారుచేయబూనిన పిల్లలు చాలామంది మూడో రంగం దగ్గరో, నాలుగో రంగం దగ్గరో ఆగిపోతారు. కథ తోచక ఆగరు. ఆజ్ఞలు తెలియక కూడా ఆగరు. బొమ్మలు తెమలక ఆగిపోతారు. మొదటి రంగంలో మర్రిచెట్టుకు ఆకు ఆకూ గీసినవాడు రెండో రంగానికి వచ్చేసరికి అలసిపోతాడు. మూడో రంగంలో చెట్టుకు బదులు పచ్చని ముద్ద ఒకటి కనిపిస్తుంది. నాలుగో రంగం ఇక ఉండదు. అంత మంచి కథా ఎవరూ వినకుండానే పోతుంది.

కాబట్టి గీయటం మొదలుపెట్టక ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. మన ఆటకు ఏ తీరు బొమ్మలు కావాలి? అన్నిటికన్న అందమైనవి ఏవి అన్నది ప్రశ్న కాదు. చివరి రంగం దాకా మన చెయ్యి ఒకే తీరుగా గీయగలిగినవి ఏవి? ఆడేవాడికి కనిపించవలసిన దానిని కనిపించేటట్టు చేసేవి ఏవి? ఇవీ అసలు ప్రశ్నలు.

మొదటి ఆటలో బొమ్మలే లేవు

ఈ ఆటల పుట్టుక తెలుసుకుంటే మీకు ధైర్యం వస్తుంది. 1975-76 ప్రాంతంలో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ఆయన ఉండేవాడు. ఆయన వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు రాయటం. గుహల్లో తిరిగి వాటి పటాలు గీయటం ఆయనకు ఇష్టం. కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహలని చాలా పెద్ద గుహలు ఉన్నవి. తాను అక్కడ చూసిన చోట్లను ఆధారం చేసుకుని ఆయన ఒక ఆట అల్లాడు. తన కుమార్తెలు కూడా ఆడుకోవాలన్నది ఆయన కోరిక. 1977లో డాన్ వుడ్స్ అనే మరొకాయన దానిని ఇంకా పెంచాడు. ఆ ఆటలో బొమ్మ ఒక్కటీ లేదు. మీరు ఎక్కడ ఉన్నారో, ఎదుట ఏమున్నదో తెర మీద మాటల్లో వస్తుంది. ఎటు పోవాలో మీరు మాటల్లో చెప్పాలి. అయినా జనం తిండీ నిద్రా మరిచి ఆడారు.

ఆ ఆట ఆడి ముచ్చటపడిన వారిలో రాబర్టా విలియమ్స్ అనే ఇల్లాలు ఒకరు. ఆమె వంటగది బల్ల దగ్గర కూర్చుని ఒక కథ అల్లింది. అందులో ఒక పాత బంగళా ఉంటుంది. లోపల హత్యలు జరుగుతూ ఉంటాయి. హంతకుడెవరో మనం కనిపెట్టాలి. ఆమె భర్త కెన్ ప్రోగ్రాము రాశాడు. ఈ ఆటకు బొమ్మలు కూడా ఉంటే బాగుంటుందని ఆమెకు తోచింది. కాని ఆనాటి యాపిల్ కంప్యూటరులో చోటు బహు కొద్ది. రంగులు వేసిన నిండు బొమ్మలు పట్టవు. అందుకని వారు ఒక ఉపాయం చేశారు. బొమ్మను బొమ్మగా దాచకుండా, ఈ చుక్క నుంచి ఆ చుక్కకు ఒక గీత, ఆ చుక్క నుంచి ఇంకొక చుక్కకు ఒక గీత, అని గీతల జాబితాగా దాచారు. కంప్యూటరు ఆ జాబితా చూసుకుని అప్పటికప్పుడు బొమ్మ గీస్తుంది. ఈ విధంగా సుమారు 70 బొమ్మలు పట్టించారు. 1980లో "మిస్టరీ హౌస్" అనే ఆ ఆట బయటికి వచ్చింది. బొమ్మలున్న సాహసాల ఆటలకు అదే నాంది.

ఆ బొమ్మలు చూస్తే మీకు నవ్వు వస్తుంది. మనుషులు అగ్గిపుల్లల్లా ఉంటారు. ఇళ్ళు పలక మీద పసిపిల్లలు గీసినట్టు ఉంటాయి. కాని మొదటి బొమ్మ ఎంత సాదాగా ఉన్నదో చివరి బొమ్మా అంతే సాదాగా ఉన్నది. తలుపు తలుపులాగే ఉన్నది. కత్తి కత్తిలాగే ఉన్నది. అన్నిటికన్న ముఖ్యం, ఆట పూర్తి అయింది. వేలకొద్దీ మంది దానిని కొని ఆడారు.

ముందు లెక్క వేయండి

ఇప్పుడు మనమూ ఒక ఆట తయారుచేద్దాం. కథ ఇది. ఒక ఊరి చెరువు తూముకు తాళం వేసి ఉన్నది. వరి ఎండిపోతున్నది. తెల్లవారేలోగా పొలాలకు నీరు వదలాలి. కాని తాళంచెవి కనిపించటం లేదు. నీరు వదిలే నీరుగంటి తాత జ్వరంతో మంచం పట్టి, ఎక్కడ పెట్టాడో చెప్పలేకుండా ఉన్నాడు. ఆయన మనుమరాలు గౌరి రాత్రికి రాత్రే దానిని వెతికి తేవాలి. రచ్చబండ, బడి, కమ్మరి కొలిమి, పాత గాదె, పాడుబావి, మర్రిచెట్టు, చెరువు గట్టు, ఇలా 10 రంగాలు. దారిలో గౌరికి అయిదుగురు మనుషులు ఎదురవుతారు. దొరికే వస్తువులు 15.

ఈ ఆటను నిండు రంగులతో, వెలుగునీడలతో గీయాలనుకున్నారు అనుకోండి. గౌరి నడవాలంటే ఒక బొమ్మ చాలదు. అడుగు తీసి అడుగు వేసేటప్పటికి కనీసం 6 బొమ్మలు కావాలి. మన వైపు వచ్చేటప్పుడు 6, అవతలికి పోయేటప్పుడు 6, పక్కకు నడిచేటప్పుడు 6. కుడి పక్క బొమ్మను తిరగవేస్తే ఎడమ పక్కది వస్తుంది గనుక మొత్తం 18. ఇక వంగటం, ఎత్తటం, ఎక్కటం, ఉలికిపడటం, ఈ నాలుగు పనులకూ నాలుగేసి బొమ్మల చొప్పున 16. అంటే గౌరికే 34 బొమ్మలు అయినవి. మిగతా అయిదుగురికీ నిలబడటానికి ఒకటీ, నోరు కదపటానికి మూడూ వేసుకుంటే 20. ప్రతి వస్తువుకూ రంగంలో ఒకటి, సంచీలో ఒకటి చొప్పున 30. వెనక దృశ్యాలు 10. అన్నీ కలిపి 94 బొమ్మలు!

ఒక్కొక్క దృశ్యానికి 6 గంటలు పడితే 60 గంటలు. గౌరి బొమ్మలకు గంట చొప్పున 34. ఇతరుల బొమ్మలకు 20. వస్తువులకు అరగంట చొప్పున 15. మొత్తం 129 గంటలు. ప్రతి ఆదివారమూ 3 గంటలు కూర్చుంటే 43 వారాలు పడుతుంది. ఒక చదువు సంవత్సరమంతా అందులోనే పోతుంది. ఈలోగా పరీక్షలు వస్తాయి. పైగా సంవత్సరం చివరికి మీ చెయ్యి బాగా తిరిగి ఉంటుంది గనుక, మొదట్లో గీసిన బొమ్మలు మీకే నచ్చవు. మళ్ళీ గీయాలనిపిస్తుంది. ఆట ఎప్పటికీ పూర్తి కాదు.

అదే ఆటను నీడబొమ్మలతో చేద్దాం. మనుషులూ చెట్లూ నల్లగా ఉంటాయి. వెనక ఆకాశం మాత్రం రంగుగా ఉంటుంది. ఒక దృశ్యానికి గంటన్నర చాలు, 10 దృశ్యాలకు 15 గంటలు. గౌరిని పక్కనుంచే చూపించి, తలా చేతులూ కాళ్ళూ విడివిడి ముక్కలుగా ఒక్కసారి గీసుకుంటే 3 గంటలు. తక్కిన అయిదుగురికీ గంటన్నర చొప్పున ఏడున్నర గంటలు. వస్తువులకు ఒకే బొమ్మను రంగంలోనూ సంచీలోనూ వాడితే అరగంట చొప్పున మరో ఏడున్నర గంటలు. మొత్తం 33 గంటలు, అంటే 11 వారాలు. దసరా సెలవులు కాగానే మొదలుపెడితే సంక్రాంతికి ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లల చేత ఆడించవచ్చును.

ఇవి ఉజ్జాయింపు లెక్కలు సుమా! అందరి చెయ్యీ ఒక్కలాగా నడవదు. మీ లెక్క మీరే వేసుకోవాలి. ఒక దృశ్యం, ఒక మనిషి, ఒక వస్తువు గీసి, ఒక్కొక్కదానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తరవాత గుణించండి. గుణకారం నేర్చుకున్నందుకు ఇంతకన్న మంచి ఉపయోగం ఏమున్నది?

ఇబ్బందిలోంచి పుట్టిన అందాలు

ఇబ్బంది వచ్చినప్పుడు బొమ్మల తీరు మార్చుకున్నవారు నష్టపోలేదు. కొందరికి అందులోనే కొత్త అందం దొరికింది.

జోర్డన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" అనే ఆట తయారుచేశాడు. రాకుమారుడు అచ్చంగా మనిషిలాగా పరుగెత్తాలి, దూకాలి అని అతని పట్టుదల. తన తమ్ముడి చేత తెల్లబట్టలు కట్టించి, పరుగెత్తించి, దూకించి, దానిని సినిమా తీశాడు. ఆ కదలికలు చూసుకుంటూ ఒక్కొక్క బొమ్మే గీశాడు. ఆ బొమ్మలతోనే కంప్యూటరులో చోటు దాదాపు నిండిపోయింది. రాకుమారుడికి ఒక శత్రువు కావాలి, కాని మరొక మనిషిని పెట్టేందుకు స్థలం లేదు. అప్పుడు ఏం చేశాడు? రాకుమారుడి బొమ్మలనే కొంచెం పక్కకు జరిపి, వాటి మీద అవే పడేటట్టు చేసి, వెలుగును తారుమారు చేశాడు. మిలమిలలాడే ఒక నీడమనిషి తయారైనాడు. కథలో రాకుమారుడు అద్దంలోంచి దూకగానే అతని నీడ విడిపోయి ఎదురు తిరుగుతుంది. ఆ నీడమనిషితోనే 1989లో ఆట వచ్చింది. చోటు చాలకపోవటం వల్ల పుట్టినవాడు వాడు!

ర్యాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు 1993లో "మిస్ట్" అనే ఆట విడుదల చేశారు. అందులో నడిచే నాయకుడు కనిపించడు. ఆడేవాడి కళ్ళే నాయకుడి కళ్ళు. ఒక ద్వీపంలో మీరు నిలబడి ఉంటారు. ముందుకు పోదామని మీట నొక్కితే ఇంకొక నిశ్చలచిత్రం వస్తుంది. అటువంటి చిత్రాలు సుమారు 2,500 చేశారు. అది చాలా పెద్ద పనే. కాని ఇందులో మనం నేర్చుకోవలసిన కిటుకు ఒకటి ఉన్నది. నాయకుడిని చూపించకపోతే గౌరికి వేసిన 34 బొమ్మలూ ఒక్క దెబ్బతో ఎగిరిపోతాయి. మీ బడినీ, బావినీ, చెరువు గట్టునూ ఫొటోలు తీసి, వాటినే రంగాలుగా పెట్టుకుని ఇటువంటి ఆట చేయవచ్చును. ఎవరి ఇల్లయినా, మనుషులయినా ఫొటోలో పడేటట్టు ఉంటే ముందుగా వారిని అడగాలి.

2018లో లూకస్ పోప్ అనే ఆయన చేసిన ఆటలో రెండే రంగులు. అది చాలావరకు ఆయన ఒక్కడే చేసిన ఆట. అందులో ఒక ఓడ 1807లో మనుషులు లేకుండా రేవుకు తిరిగి వస్తుంది. అందులోని 60 మంది ఏమైనారో కనిపెట్టటమే ఆట. పాతకాలపు కంప్యూటరు తెరల్లాగా నలుపూ తెలుపూ చుక్కలతోనే అంతా చూపించాడు. రెండు రంగులే గదా, సుఖం అనుకోకండి. దృశ్యం కదిలినప్పుడల్లా ఆ చుక్కలు జిలజిలమని మెరిసి కళ్ళకు నొప్పి పుట్టించాయి. దానిని సరిచేయటానికి ఆయన ఎంతో శ్రమపడ్డాడు. ప్రతి తీరుకూ దాని సుఖం ఉన్నట్టే దాని కష్టమూ ఉంటుంది. రెండూ తెలుసుకునే ఎంచుకోవాలి.

మన చేతికి అందే తీరులు

ఇంట్లో ఆట తయారుచేసేవారికి నాలుగైదు తీరులు అందుబాటులో ఉన్నవి.

మొదటిది గీతల బొమ్మలు. నోటు పుస్తకంలో పెన్సిలుతో గీసి, ఫొటో తీసి కంప్యూటరులోకి ఎక్కించవచ్చును. త్వరగా అవుతుంది. హాస్యపు కథలకు బాగుంటుంది. కాని గీత మందం ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉంటే బొమ్మలు ఒక ఇంటి పిల్లల్లాగా ఉండవు. ఒకే పెన్సిలు, ఒకే సైజు కాగితం వాడాలి.

రెండోది గళ్ళ బొమ్మలు. గళ్ళ కాగితం మీద గడి గడికీ రంగు నింపినట్టు గీస్తారు. ఈ గడులనే పిక్సెళ్ళంటారు. మీ అమ్మమ్మ కుట్టిన అల్లికలో చిలక ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. మనిషికి 16 గడుల వెడల్పు, 24 గడుల ఎత్తు చాలు. కాని చిన్నవి గదా, తేలిక అనుకోవద్దు. కన్ను ఒకే గడి అయినప్పుడు ఆ గడి ఒక్కటి జరిగినా ముఖం మారిపోతుంది. చిన్న తాళంచెవిని చూపించటం మరీ కష్టం.

మూడోది మట్టి బొమ్మలు. మట్టితో మనుషులను చేసి, కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీయాలి. 1996లో వచ్చిన "నెవర్‌హుడ్" అనే ఆట మొత్తం బంకమట్టితోనే చేశారు. గీయటం రాదని బాధపడే పిల్లలకు ఇది మంచి తీరు. కాని దీపం జరగకూడదు, కెమేరా కదలకూడదు. మధ్యలో తమ్ముడు వచ్చి బల్ల కదిపితే ఆ పూట పని గోవిందా!

నాలుగోది నీడబొమ్మలు. వీటిని గురించి మనవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తోలుబొమ్మలాట మన దగ్గర తరతరాలుగా ఉన్నది. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఈనాటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నవి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ బిరుదు ప్రకటించారు. ఈ బొమ్మలను తోలుతో చేస్తారు. తోలును వెలుగు ప్రసరించేటంత పలచగా గీకి, ఆకారం కత్తిరించి, రంగులు అద్ది, నగలకూ బట్టల అంచులకూ సన్నని బెజ్జాలు పొడుస్తారు. తెల్లని తెర వెనక దీపం పెడితే ఆ బెజ్జాలు రవ్వల్లా మెరుస్తాయి.

ఆ బొమ్మలను జాగ్రత్తగా గమనించండి. ముఖాలు చాలావరకు పక్కనుంచే కనిపిస్తాయి. పక్కనుంచి చూస్తేనే ముక్కూ, గడ్డమూ, కిరీటమూ స్పష్టంగా తెలుస్తాయి. చేతులూ కాళ్ళూ విడివిడిగా చేసి కీళ్ళ దగ్గర దారంతో ముడివేస్తారు. అందువల్ల ఒకే బొమ్మ నడుస్తుంది, కొడుతుంది, దణ్ణం పెడుతుంది. ప్రతి కదలికకూ కొత్త బొమ్మ అక్కరలేదు. దూరంగా, ఊరి జనం వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు రాముడో, ఎవరు హనుమంతుడో ఆకారం చూడగానే తెలిసిపోవాలి. మన గౌరికి కావలసినవి సరిగ్గా ఇవే.

స్క్రాచ్‌లో ఈ పని సులువు. అందులో తెర 480 అడ్డం, 360 నిలువు చుక్కలు. గౌరి మొండెం ఒక బొమ్మ, చెయ్యి ఒక బొమ్మ. చెయ్యి బొమ్మకు మధ్య బిందువును భుజం దగ్గర పెడితే, తిరగమని ఆజ్ఞ ఇవ్వగానే అది భుజం చుట్టూ తిరుగుతుంది. దారపు ముడి చేసే పనిని ఆ బిందువు చేస్తుందన్న మాట. మొండెం ఎక్కడికి పోతే చెయ్యి అక్కడికి పోవాలని ఇంకొక ఆజ్ఞ ఇవ్వాలి. లేకపోతే గౌరి చెయ్యి చెట్టు దగ్గరే ఉండిపోయి, గౌరి బావి దగ్గరికి పోతుంది!

ఇంకొక తీరు సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పటాల్లో కనిపిస్తుంది. కథ చెప్పేవారు పొడుగాటి పటాన్ని విప్పుకుంటూ కథ నడుపుతారు. వెనక అంతా ఎర్రరంగే. అందువల్ల ప్రతి రంగానికీ ఆకాశం, కొండలు వేసే బాధ లేదు. మన చూపు సూటిగా మనుషుల మీదికే పోతుంది. ఆటలో వెనక భాగానికి ఒకే రంగు పెట్టుకుంటే మీకూ ఎంతో పని తగ్గుతుంది.

ఎదుట ఉన్నా కనిపించని తాళంచెవి

పని తగ్గటం ఒక్కటే చూసుకుంటే చాలదు. గౌరి కొలిమిలోకి వచ్చింది. గోడకు పట్టకారులు, సుత్తులు, గొలుసులు, వాటి మధ్య తాళంచెవి వేలాడుతున్నవి. మనది నీడబొమ్మల ఆట గనుక అన్నీ నలుపే. ఆడేవాడికి తాళంచెవి ఎలా కనిపిస్తుంది? కనిపించకపోతే తెరనంతా అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోతాడు. పాత ఆటల్లో ఇటువంటి తిప్పలు చాలా ఉండేవి. అది బుద్ధికి పరీక్ష కాదు, ఓపికకు శిక్ష.

తోలుబొమ్మలు చేసేవారి ఉపాయమే ఇక్కడా పనికి వస్తుంది. తాళంచెవి వెనక చిన్న కిటికీ పెట్టండి. వెన్నెల వెలుగులో దాని పళ్ళు విడిగా కనిపిస్తాయి. లేదా కొలిమి నిప్పు వెలిగినప్పుడు మాత్రమే గోడ ఎర్రబడి, అప్పుడే ఆకారాలు బయటపడేటట్టు చేయండి. ఇప్పుడు గౌరి ముందు తిత్తి ఊది నిప్పు రాజేయాలి. చూశారా? బొమ్మల తీరులోంచే ఒక కొత్త చిక్కుముడి పుట్టింది. రంగుల బొమ్మలు గీసి ఉంటే ఇది తోచేది కాదు.

దీనికి వ్యతిరేకం కూడా ఉన్నది. మీ కథలో ఎర్రదీపం ఏది, పచ్చదీపం ఏది అని కనిపెట్టే చిక్కు ఉంటే నీడబొమ్మలు పనికిరావు. రంగుల బొమ్మల్లో కూడా కేవలం రంగు మీదే ఆధారపడకండి. కొందరికి, ముఖ్యంగా మగపిల్లల్లో కొందరికి, ఎరుపు పచ్చల తేడా పుట్టుకతోనే సరిగా తెలియదు. ఒక దీపాన్ని గుండ్రంగా, ఒక దానిని పలకలుగా గీస్తే వారూ ఆడగలుగుతారు.

బొమ్మ సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవటానికి చిన్న పరీక్ష చెబుతాను. బొమ్మను తెర మీద పెట్టి, కథ తెలియనివారిని మూడు గజాల దూరాన నిలబెట్టండి. అయిదు అంకెలు లెక్కపెట్టి తెర మూసివేయండి. "ఏమేమి కనిపించినవి?" అని అడగండి. తాళంచెవి పేరు రాకపోతే బొమ్మ మార్చవలసిందే. "చూడలేదా, అక్కడే ఉన్నది గదా!" అని వారితో వాదించకూడదు. ఆట ఆడేటప్పుడు మీరు వారి పక్కన నిలబడి చెప్పలేరు.

కథ స్వభావం కూడా చూడాలి. అర్ధరాత్రి ఒంటరిగా తిరిగే గౌరి కథకు నీడలు తగినవి. సంతలో తప్పిపోయిన మేకపిల్ల కథ అయితే రంగులు కావాలి, సందడి కావాలి. అదే కథను నల్లని నీడల్లో చూపిస్తే మేకను ఎవరో కోసుకు తింటారేమోనని చిన్నపిల్లలు హడలిపోతారు!

ఇక ఒక హెచ్చరిక. ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మలను తలా ఒక చోటినుంచి తెచ్చి అతికించవద్దు. మొదటి సంగతి, అవి ఒకరి కష్టం. వాడుకోవచ్చునని గీసినవారు చెప్పిన బొమ్మలనే, వారి పేరు వేసి వాడాలి. రెండో సంగతి, ఒక బొమ్మ గీతలది, ఒకటి ఫొటో, ఒకటి మెరుగు పెట్టినది అయితే ఆట అతుకుల బొంత అవుతుంది. మాట చెబితే బొమ్మ చేసిపెట్టే ప్రోగ్రాములు కూడా ఇప్పుడు వచ్చినవి. వాటి వల్ల బొమ్మ త్వరగా రావచ్చును. కాని కొలిమి దగ్గర నిప్పు వెలుగులో తాళంచెవి ఎందుకు కనిపించాలో కథ తెలిసిన మీకే తెలుస్తుంది. చెయ్యి తిరగటమూ, కన్ను తెరుచుకోవటమూ మీరు గీసినప్పుడే జరుగుతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు అగ్గిపుల్లల మనుషులను గీసి చూపిస్తే, "ఇంకా బాగా గీయకూడదూ?" అనకండి. "తరవాతి రంగం ఏమిటి?" అని అడగండి. ఆ ప్రశ్న వాడిని చివరిదాకా నడిపిస్తుంది. మొదలుపెట్టిన పనిని తన శక్తికి తగినట్టు కత్తిరించుకుని పూర్తిచేయటం పెద్దవాళ్ళకే అంతగా చేతకాని విద్య. పదకొండేళ్ళ పిల్ల ఒక ఆట ద్వారా దానిని నేర్చుకుంటే అంతకన్న ఏం కావాలి? వారానికి మూడు గంటలు కంప్యూటరు ముందు కూర్చోనివ్వండి. నాలుగో గంటకు లేపి బయటికి పంపండి. చెరువు గట్టు ఎలా ఉంటుందో చూడందే దానిని ఎవరూ గీయలేరు.

పిల్లలూ, ఈ ఆదివారమే పని మొదలుపెట్టవచ్చును. పది రంగాల జోలికి పోకండి. మీ కథలో నడిమి రంగం ఒకటి తీసుకోండి. మొదటి రంగం వద్దు, అది ఎవరైనా ఉత్సాహంగా గీస్తారు. ఆ ఒక్క రంగాన్నే రెండు తీరుల్లో గీయండి, ఒకసారి గీతలతో, ఒకసారి నీడలతో. ఒక్కొక్కదానికి ఎంతసేపు పట్టిందో వెనక రాయండి. రెండింటినీ గోడకు అంటించి, ఇంటిల్లిపాదినీ మూడు గజాల దూరాన నిలబెట్టి అడగండి. ఏ బొమ్మలో తాళంచెవి ముందుగా కనిపిస్తుందో, ఏ బొమ్మకు గంటలు తక్కువ పట్టాయో చూసుకోండి. తరవాత రెండో రంగం గీయటానికి మీ చేతికి ఏ పెన్సిలు కావాలో మీకే తెలుస్తుంది.